డాలస్‌లో జరిగింది చాలదా?

అమెరికావాళ్ళు ఫుట్‌బాల్ అనేది మనం కాలితో ఆడే ఆట కాదు. కొసలు సన్నగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని, మీద పడే ఎదుటి జట్టును తప్పించుకుంటూ గీత దాటాలి. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోలేకపోతే బంతి అవతలివాళ్ళది. బడిపిల్లలకు కబడ్డీ నేర్పినవాణ్ణి కనుక, బంతితో పరుగెత్తే ‘రన్నింగ్ బ్యాక్’ను చూస్తే నాకు కూతకెళ్ళినవాడే గుర్తొస్తాడు. వాళ్ళలో మేటి ఎర్నీ డేవిస్. 2008లో గ్యారీ ఫ్లెడర్ తీసిన ‘ద ఎక్స్‌ప్రెస్’ సినిమా ఆయన కథే. రాబ్ బ్రౌన్ ఆ వేషం కట్టాడు.

డేవిస్ 1939లో పెన్సిల్వేనియాలో పుట్టాడు. తాత, అమ్మమ్మ పెంచారు. చిన్నప్పుడు నత్తి. పన్నెండేళ్ళప్పుడు న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాకు, తల్లి దగ్గరికి వచ్చాడు. సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో, తనకు ముందు జిమ్ బ్రౌన్ వేసుకున్న 44 నంబరు చొక్కానే తొడుక్కున్నాడు. 1959 సీజన్‌లో ఆ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు.

1960 జనవరి 1న డాలస్‌లో కాటన్ బౌల్ మ్యాచ్. ఎదురు నిలిచింది టెక్సస్ విశ్వవిద్యాలయం. ఆ జట్టులో నల్లజాతివాడు ఒక్కడూ లేడు. తొడ కండరం నొప్పి పెడుతున్నా, ఆట మొదలైన కాసేపటికే డేవిస్ గీత దాటి 87 గజాల టచ్‌డౌన్ చేశాడు. సిరక్యూస్ 23-14తో గెలిచింది. ఉత్తమ ఆటగాడి బహుమతీ ఆయనదే. అయితే మ్యాచ్ తర్వాత జరిగే విందుకు వచ్చి బహుమతి తీసుకోవచ్చు, తీసుకోగానే బయటికి వెళ్ళిపోవాలి అన్నారు. నల్లజాతివాడు కనుక!

ఇంతకన్నా గాయం ఏం కావాలి? అయినా సినిమావాళ్ళకు చాలలేదు. వెస్ట్ వర్జీనియా గడ్డమీద జనం బూతులు తిడుతూ, సీసాలు విసురుతున్నట్టు ఒక మ్యాచ్ కల్పించారు. నిజానికి 1959లో వెస్ట్ వర్జీనియాతో మ్యాచ్ జరిగింది సిరక్యూస్ సొంత మైదానంలో. సిరక్యూసే 44-0తో గెలిచింది. జాతివివక్ష గురించి తీసే సినిమాలో ఒక్క అబద్ధం దొర్లినా, నిజాన్ని కూడా కల్పనే అని కొట్టిపారేసేవాళ్ళకు సందు దొరుకుతుంది. అందుకే నాకది పెద్ద తప్పుగానే తోస్తుంది.

1961లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అతి పెద్ద గౌరవమైన హైస్మన్ ట్రోఫీ డేవిస్‌కు దక్కింది. నల్లజాతి ఆటగాళ్ళలో ఆయనే మొదటివాడు. అప్పటిదాకా నల్లజాతివాళ్ళను చేర్చుకోని వాషింగ్టన్ వృత్తి జట్టు, ప్రభుత్వం ఒత్తిడి చేశాక దారికొచ్చి, వృత్తి జట్లు కాలేజీ ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అందరికన్నా ముందు ఆయన్నే ఎంచుకుంది. ఆయన్ను ఆడించుకునే హక్కును క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టుకు ఇచ్చి, బదులుగా బాబీ మిచెల్ అనే నల్లజాతి ఆటగాణ్ణి తెచ్చుకుంది. 1962 వేసవిలో డేవిస్‌కు ల్యుకేమియా బయటపడింది. రక్తక్యాన్సర్. క్లీవ్‌లాండ్ తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 1963 మే 18న, ఇరవైమూడేళ్ళకే చనిపోయాడు. ఆయన కోసం కేటాయించిన 45 నంబరును ఆ జట్టు ఇంకెవరికీ ఇవ్వలేదు.

సినిమా తప్పక చూడండి, పిల్లలకూ చూపించండి. వెస్ట్ వర్జీనియా మ్యాచ్ వచ్చినప్పుడు మాత్రం అది అలా జరగలేదని చెప్పండి. డాలస్ విందులో ఆయనకు పెట్టిన షరతు నిజంగా పెట్టిందేనని కూడా చెప్పండి.