ఇంటిల్లిపాదికి ఒక పాత ప్రింటరు

ఒక ఇంటిలో పది పన్నెండేండ్ల క్రిందట కొన్న ప్రింటరు కలదు. అది అచ్చు వేయును. గాజుపలకపై పెట్టిన కాగితమును బొమ్మగా మార్చి కంప్యూటరునకు పంపును. కంప్యూటరుతో పనిలేకుండ నకలు కూడ తీయును. మేడమీది గదిలోని కంప్యూటరునకు అది యు.ఎస్.బి. తీగతో కట్టుబడి యున్నది. కొన్ననాడు ఆ ఇంట కంప్యూటరు ఒక్కటే. నేడు తల్లికొక లాప్‌టాప్, కుమార్తెకు మరియొకటి, అందరి చేతులలోను ఫోనులు. కుమార్తె హాల్ టికెట్ అచ్చు తీయవలెనన్నచో దానిని పెన్ డ్రైవులో ఎక్కించుకొని మెట్లెక్కవలెను. ఇల్లంతయు వై-ఫై వ్యాపించి యుండగా ఈ శ్రమ యెందులకని ఎవరికైనను తోచును.

ఆ యంత్రమును అందరికి పంచుటకు పూనుకొన్నవారికి తరచుగా ఒక వింత ఎదురగును. అచ్చువేయు పని కొద్ది ప్రయత్నముతో అన్ని కంప్యూటర్లకు అందును. స్కానరు మాత్రము తీగ ఉన్నచోటనే ఉండిపోవును. పెట్టె ఒక్కటే, తీగ ఒక్కటే. సగము పని వచ్చి సగము రాకపోవుట యేమి? యంత్రము పాడైనదని తలచి కొందరు దానిని పాత సామానుల వానికి ఇచ్చివేయుదురు. నిజమునకు దానిలో ఏ లోపమును ఉండకపోవచ్చును.

ప్రింటరును పంచుకొనవలెనను కోరిక కంప్యూటరు వలలంత పాతది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనా కేంద్రములో గారీ స్టార్క్‌వెదర్ అను ఆయన 1970ల తొలి సంవత్సరములలో లేజరు ప్రింటరును నిర్మించెను. సెకనుకు ఒక పుట చొప్పున అచ్చువేయగల ఆ యంత్రమును ప్రతి బల్ల ప్రక్కను పెట్టుట సాధ్యము కాదు. ఆ కేంద్రములో తయారగుచున్న ఆల్టో కంప్యూటర్లన్నిటిని దానితో కలుపవలసి వచ్చెను. ఆ పని రాబర్ట్ మెట్‌కాఫ్‌నకు అప్పగింపబడెను. ఆయన 1973 మే 22వ తేదీన వ్రాసిన జ్ఞాపికలో ఈథర్‌నెట్ అను పేరు కనబడును. నేడు రౌటరు వెనుక గ్రుచ్చు తీగ ఆ ఈథర్‌నెట్ సంతతియే.

1985లో ఆపిల్ సంస్థ విక్రయించిన లేజర్‌రైటర్ వెల 6,995 డాలర్లు. అంత వెల పెట్టినవారు దానిని పలువురు కలిసి వాడుకొందురను ఉద్దేశముతోనే అందులో వలకు కలుపు ఏర్పాటు కూడ చేసిరి. ఒక విశేషమేమనగా, ఆ ప్రింటరులోని ప్రాసెసరు దానికి ఆజ్ఞలిచ్చు మాకింటాష్ కంప్యూటరులోని దానికంటె వేగముగా పనిచేసెడిది. అడోబ్ సంస్థవారు 1984లో వెలువరించిన పోస్ట్‌స్క్రిప్ట్ అను భాషలో పుట వర్ణన అందుకొని, అక్షరముల రూపములను ప్రింటరు తానే గీచుకొనెడిది.

ఇంటికొరకు చౌకగా చేసిన యంత్రములలో ఈ ఏర్పాటు తలక్రిందులైనది. వెల తగ్గించుటకై ప్రింటరులోని మెదడును తగ్గించి, ఆ పనిని కంప్యూటరు నెత్తిన పెట్టిరి. పుటలో ఏ చుక్క నలుపో ఏ చుక్క తెలుపో కంప్యూటరే లెక్కించి, తయారీదారు స్వంత సంకేతములలో పంపవలెను. ఈ లెక్క చేయు కార్యక్రమమునకే డ్రైవరు అని పేరు. వాహనము నడుపువానితో పోల్చుటకంటె, పూర్వము దొరలకును ప్రజలకును నడుమ నిలిచిన దుబాసీతో దీనిని పోల్చుట మేలు. దుబాసీ లేనిచో ఇరువురును ఆరోగ్యముగనే యుందురు, మాట మాత్రము సాగదు.

కనుక పాత ప్రింటరును పంచుకొనుటలో అసలు ప్రశ్న తీగను గూర్చినది కాదు; దుబాసీ ఎచ్చట కూర్చుండవలెను అనునదియే.

యు.ఎస్.బి. నియమములలో ప్రతి పరికరమును తన జాతిని ఒక సంఖ్యతో చెప్పుకొనును. ప్రింటర్ల జాతి సంఖ్య 7. బహుళ ప్రయోజన యంత్రమును తీగకు తగిలించినపుడు అది ఒక్క పరికరముగా కాక రెండు మూడు పరికరములు ఒకే పెట్టెలో కాపురమున్నట్లుగా కంప్యూటరునకు కనబడును. అచ్చువేయు భాగము 7వ జాతి. స్కానరు భాగము, చాల పాత యంత్రములలో, 255వ సంఖ్యను చెప్పును. ఆ సంఖ్యకు అర్థము ‘తయారీదారు ఇష్టము’ అని. అనగా ఆ భాగముతో ఎట్లు మాటలాడవలెనో తయారీదారునకు, ఆయన ఇచ్చిన డ్రైవరునకు మాత్రమే తెలియును.

పనియొక్క స్వభావములోను భేదమున్నది. అచ్చువేయుట చాలవరకు ఒకవైపు ప్రవాహము. కంప్యూటరు సిద్ధముచేసిన పుట వరుసలో నిలుచును; వంతు రాగానే యంత్రములోనికి పోవును. తపాలా పెట్టెలో ఉత్తరము వేసినవాడు అచ్చటనే నిలిచియుండ నవసరము లేనట్లు, ఆజ్ఞ ఇచ్చినవారు తమ కంప్యూటరును మూసి వెళ్ళిపోవచ్చును. స్కానింగు అట్లు కాదు. దీపము వెలిగించుము, ఇంత సాంద్రతతో చూడుము, బండిని జరుపుము, చదివినదానిని పంపుము, ఆగుము అని ప్రతి అడుగునను ప్రశ్నయు జవాబును నడువవలెను. అది ఉత్తరము కాదు, సంభాషణము.

ఆ సంభాషణములో వచ్చు సరకు కూడ తక్కువ కాదు. ఎ4 కాగితమును అంగుళమునకు 300 చుక్కల చొప్పున చూచినచో అడ్డముగా 2,480, నిలువుగా 3,508 చుక్కలు. మొత్తము సుమారు 87 లక్షలు. రంగులలో చుక్కకు మూడు బైట్లు కాగా, 2 కోట్ల 60 లక్షల బైట్లకు పైన. వై-ఫైలో సెకనుకు 2 కోట్ల బిట్లు నికరముగా సాగునని అనుకొనిన, ఈ పుట చేరుటకు పది సెకనులు దాటును. అంగుళమునకు 600 చుక్కలైనచో దానికి నాలుగింతలు. పంపినంత వేగముగా అవతల అందుకొనలేనపుడు స్కానరు బండి నడుమ ఆగి, కొంచెము వెనుకకు జరిగి, మరల కదలును. ఆ గరగర విని యంత్రము చెడినదని భయపడువారు కలరు. అది సరకు దిగువరకు వేచియున్నది, అంతే.

ఈ రెండు సంగతులు తెలిసినచో పంపకపు పద్ధతుల గుణదోషములు తమంత తామే తేలును. కొన్ని రౌటర్లకు వెనుక యు.ఎస్.బి. రంధ్రము ఉండును. రౌటరు 7వ జాతిని గుర్తించి, 9100 సంఖ్యగల ద్వారమున వచ్చినదానిని వచ్చినట్లు ప్రింటరునకు అందించును. దానికి ఏ భాషయు రాదు. అది మోయుకూలి మాత్రమే. కాబట్టి ఇంటిలోని ప్రతి కంప్యూటరులోను దుబాసీ ఉండవలెను. ఫోనులో అట్టి దుబాసీ సాధారణముగా ఉండదు. 255వ జాతి స్కానరును సామాన్యమైన రౌటరు పట్టించుకొనదు. తీగనే వలమీదుగా సాగదీసినట్లు చేయు పరికరములును ఉన్నవి. వాటితో స్కానరు పనిచేయును గాని, ఒకరి చేతిలో ఉండగా అది మరియొకరికి దొరకదు.

ప్రింటరు తగిలించియున్న కంప్యూటరునే పంపకదారునిగా చేయుట సులభమైన పద్ధతి. విండోస్‌లో ప్రింటరు లక్షణముల పుటలో పంచుకొను గడిని గుర్తించినచో ఇరుగుపొరుగు కంప్యూటర్లు దానిని చేరగలవు. అయితే విండోస్‌లో ఈ పంపకము అచ్చునకే గాని స్కానరునకు లేదు. పైగా ఆ కంప్యూటరు నిద్రించినచో ఇంటిలో అచ్చు నిలిచిపోవును. ఎల్లవేళల మేలుకొనియుండుటకు ఖర్చున్నది: కంప్యూటరు 60 వాట్లు వాడుననుకొనిన రోజుకు 1.44 యూనిట్లు, నెలకు 43 యూనిట్లు. 5 వాట్ల చిన్న కంప్యూటరైనచో నెలకు 3.6 యూనిట్లతో సరిపోవును.

ఈ కారణముచేతనే రాస్ప్‌బెర్రీ పై వంటి అరచేతి కంప్యూటరులో లినక్సును నింపి ప్రింటరు ప్రక్కన పెట్టుట ఆదరణ పొందినది. అందులో కప్స్ అను ఉచిత కార్యక్రమము నడచును. మైకేల్ స్వీట్ దీనిని 1990ల చివర వ్రాసెను. దుబాసీ ఇప్పుడు ప్రింటరు ముంగిట ఒక్కచోటనే కూర్చుండును. కంప్యూటర్లు, ఫోనులు దానితో ఐ.పి.పి. అను ఉమ్మడి భాషలో మాటలాడును. ఆపిల్ 2010లో ప్రవేశపెట్టిన ఎయిర్‌ప్రింట్ కూడ ఈ భాషపై ఆధారపడినదే. వై-ఫై ఎరుగని పాత యంత్రము ఆ విధముగా కొత్త ఫోనునకు కొత్త ప్రింటరువలె కనబడును.

స్కానరు కొరకు అందులోనే సేన్ అను మరియొక కార్యక్రమమును నిలుపవలెను. దాని సేవకభాగము 6566వ ద్వారమున వినుచుండును. లినక్సు కంప్యూటర్లు నేరుగా దానిని పిలువగలవు. తక్కినవారికి ఎయిర్‌సేన్ అను కార్యక్రమము పాత స్కానరును వలలో కొత్త తరపు స్కానరుగా చూపించును. దూరపు సంభాషణము ఇక్కడ చిన్నదైనది: అడుగడుగు ప్రశ్నలు యంత్రమునకు, దాని ప్రక్కనున్న పెట్టెకు నడుమ తీగలో జరుగును, వలలో పోవునది కోరికయు, తయారైన బొమ్మయు మాత్రమే.

ఈ ఏర్పాటుకు పూనుకొనుటకు ముందు ఒక విషయము విచారింపవలెను. తయారీదారు లినక్సునకు డ్రైవరు ఇచ్చినను, అది ఇంటెల్ తరగతి ప్రాసెసర్లకు మాత్రమే అనువైనదైనచో రాస్ప్‌బెర్రీ పై లోని ఆర్మ్ ప్రాసెసరుపై నడువదు. అట్టి సందర్భమున మూలపడియున్న పాత లాప్‌టాపే ఉత్తమము. విండోస్ 10నకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినందున అట్టి లాప్‌టాపులు ఎన్నో ఇండ్లలో ఖాళీగా ఉన్నవి. మూత వేసినను నిద్రింపకుండ అమర్చి, లినక్సు నింపినచో వాటికి మరల ఉద్యోగము దొరకును.

చాల ఇండ్లలో కలుగు మరియొక చిక్కు కరెంటు పోయినప్పటిది. కరెంటు వచ్చి రౌటరు మేలుకొనగానే పరికరములకు 192.168తో మొదలగు చిరునామాలను మరల పంచిపెట్టును. పంపకదారు పెట్టెకు నిన్నటి సంఖ్య నేడు రాకపోవచ్చును. పాత చిరునామాకు పోయిన ఉత్తరము తిరిగివచ్చినట్లు, ప్రింటరు అందుబాటులో లేదని లాప్‌టాపు చెప్పును. రౌటరు అమరికలలో ఆ పెట్టెకు ఒకే చిరునామాను శాశ్వతముగా కేటాయించిన ఈ బాధ తీరును.

ఇంటి లోపలి ఈ ద్వారములను ఇంటర్నెట్టు వైపు మాత్రము తెరువరాదు. 2018 చివరి నెలలలో ఒక ఆకతాయి 9100వ ద్వారము తెరిచియున్న వేలాది ప్రింటర్లను వెదకిపట్టి, ప్రపంచమంతట తన ప్రకటనను అచ్చు వేయించెను. బయటివారి కాగితమును, సిరాను ఖర్చుచేయుటకు అతనికి ఏ తాళమును పగులగొట్టవలసిన పని లేకపోయినది.

ఇంత ప్రయాస అక్కరలేదనువారికి స్కానరు విషయమున తేలిక మార్గమొకటి ఉన్నది. తీగ ఉన్న కంప్యూటరు మీదనే స్కాన్ చేసి, బొమ్మను అందరికి కనబడు ఉమ్మడి ఫోల్డరులో వేయుట. ఎంత గొప్ప వల అల్లినను, కాగితమును గాజుపై పెట్టుటకు ఎవరో ఒకరు యంత్రమువద్దకు మెట్లెక్కి రావలసినదే గదా! ఇక తయారీదారు కొత్త కంప్యూటర్లకు డ్రైవరు ఇచ్చుట మానివేసి, ఉచిత కార్యక్రమములలోను ఆ యంత్రము పేరు లేనపుడు కూడ, నకలు తీయు బొత్తాము సాధారణముగా ఏ దుబాసీతోను నిమిత్తము లేక పనిచేయుచునే యుండును.