వెబ్‌సైట్ చేయిస్తున్నారా? డొమైన్ మీ పేరు మీదే ఉండాలి

లాడ్ బజార్‌లో గాజుల దుకాణమైనా, ఇంట్లోంచే నడిపే టైలరింగ్ అయినా, గిరాకీ ఇప్పుడు ముందు ఫోన్‌లోనే వెతుకుతోంది. అందుకే వెబ్‌సైట్ చేయిస్తున్నాం. కానీ ఎవరు తక్కువకు చేస్తారన్నదే చూస్తాం. అసలు అడగాల్సింది ఒకటుంది: డొమైన్ ఎవరి పేరు మీద తీసుకుంటారు?

డిజైనర్ తన పేరు మీద తీసుకుంటే, రేపు మాట తేడా వచ్చినా, ఫోన్ ఎత్తకపోయినా, మీ దుకాణం బోర్డు ఆయన చేతిలో ఉన్నట్టే. మీ పేరుతో, మీ ఈమెయిల్‌తో రిజిస్టర్ చేయించి, పాస్‌వర్డ్ మీ దగ్గరే పెట్టుకోండి.

డొమైన్, హోస్టింగ్‌లకు గడువు తీరేలోగా మళ్లీ డబ్బు కట్టాలి. రెండో ఏడాది ఎంతవుతుందో ముందే రాయించుకోండి. ఆయన చేసిన పాత సైట్లు మీ ఫోన్‌లో తెరిచి చూడండి. ఉర్దూ పేజీ కూడా కావాలంటే, అక్షరాలు కుడి నుంచి ఎడమకు సరిగ్గా వస్తున్నాయని చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి.