చూసేది బ్యాంకు పాసుపుస్తకం కాదు, పొలం పాసుపుస్తకం

"బ్యాంకులో డబ్బు కనబడితే పింఛను పీకేస్తారంట", "డిపాజిట్టు ఉంటే రేషన్ కార్డు పోద్దంట" - ఇలాంటి మాటలు పల్లెల్లో తరచూ వినబడుతుంటాయి. పంట అమ్మిన పైకం చేతికొచ్చే రోజుల్లో ఇవి మరీ ఎక్కువ. ఈ భయంతో కొందరు పెద్దవాళ్లు డబ్బును బ్యాంకులో వేయకుండా ఇంట్లో బియ్యం డబ్బాలో దాస్తారు. కొందరు గడువు తీరకముందే డిపాజిట్టు తీసేసి వడ్డీ పోగొట్టుకుంటారు. ఇంకొందరు తెలిసినాయనే కదా అని నోటు కూడా లేకుండా చేబదులు ఇస్తారు. పింఛను పోతుందో లేదో గానీ, ఇలా చేస్తే అసలుకే మోసం వచ్చే ప్రమాదం ఉంది.

ఇంతకీ నాలుగు రాళ్లు వెనకేసుకుంటే ప్రభుత్వ సాయం ఆగిపోతుందా? ఖాతాలో ఉన్న డబ్బు వల్ల నేరుగా ఆగదు. కానీ ఆ డబ్బుతో మనం ఏం కొన్నాం, దానిమీద ఎంత వడ్డీ వచ్చింది అన్నవాటి వల్ల ఆగవచ్చు. ఈ తేడా తెలియకే చాలామంది భయపడనక్కర్లేని చోట భయపడుతున్నారు, జాగ్రత్త పడాల్సిన చోట పడటం లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఏం చూస్తారు?

ఆంధ్రప్రదేశ్‌లో 2019-20లో సంక్షేమ పథకాల అర్హతకు కొన్ని కొలతలు పెట్టారు. సచివాలయాల్లో వీటినే ఆరు అంచెల వడపోత అంటారు. 2025లో వచ్చిన తల్లికి వందనం పథకానికీ దాదాపు ఇవే కొలతలు తీసుకున్నారు. అవి ఇవీ:

1. కుటుంబ ఆదాయం పల్లెల్లో నెలకు 10,000 రూపాయలు, పట్టణాల్లో 12,000 రూపాయలు దాటకూడదు.

2. భూమి మాగాణి అయితే 3 ఎకరాల లోపు, మెట్ట అయితే 10 ఎకరాల లోపు, రెండూ కలిపి 10 ఎకరాల లోపు ఉండాలి.

3. ఇంటి కరెంటు వాడకం సగటున నెలకు 300 యూనిట్ల లోపు ఉండాలి.

4. కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి గానీ, ప్రభుత్వ పింఛనుదారు గానీ ఉండకూడదు. పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు ఉంది.

5. నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ట్రాక్టరు, ఆటో, టాక్సీలకు మినహాయింపు ఇచ్చారు.

6. ఆదాయ పన్ను కట్టేవారు ఉండకూడదు.

వీటికి తోడు పట్టణంలో వెయ్యి చదరపు అడుగులు దాటిన ఇల్లు గానీ, కట్టడం గానీ ఉంటే అనర్హతే.

ఈ జాబితాను మళ్లీ ఒకసారి చదవండి. బ్యాంకు నిల్వ అన్న మాట ఎక్కడా లేదు. పోస్టాఫీసు పొదుపు లేదు. డ్వాక్రా సంఘంలో కట్టిన పొదుపు లేదు. ఒంటి మీది బంగారం లేదు. పాడి గేదెలు లేవు.

తెలంగాణలో ఏం చూస్తారు?

తెలంగాణలో ఆహార భద్రత కార్డుకు ప్రధానంగా చూసేవి ఆదాయం, భూమి. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి లక్షా 50 వేలు, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. భూమి తరి అయితే మూడున్నర ఎకరాలు, మెట్ట అయితే ఏడున్నర ఎకరాలు దాటకూడదు.

ఆసరా పింఛన్ల దగ్గర ఒక విషయం గమనించాలి. 2014లో ఇచ్చిన మార్గదర్శకాల్లో భూమి, పిల్లల ఉద్యోగాలు, వ్యాపారాలు, కార్ల లాంటి వాటితో పాటు ఇంకో మాట కూడా ఉంది. విచారణకు వచ్చిన అధికారి ఆ కుటుంబం బతుకు తీరు, ఆస్తిపాస్తులు చూసి అనర్హులని తేల్చవచ్చు. అంటే ఇక్కడ కూడా ఖాతాలో ఇంత ఉంటే పింఛను రాదు అన్న హద్దు లేదు గానీ, కంటికి కనబడే కలిమికి లెక్క ఉంది.

పీఎం కిసాన్ సంగతి

కేంద్రం 2019లో మొదలుపెట్టిన పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా జమ అవుతాయి. దీనికీ పొదుపుతో పని లేదు. మొదట్లో 5 ఎకరాల హద్దు ఉండేది, అదే ఏడాది దాన్ని ఎత్తేశారు. అయితే అంతకుముందు ఏడాది లెక్కకు ఆదాయ పన్ను కట్టిన వారికి, నెలకు 10,000 రూపాయలు ఆపైన పింఛను తీసుకునే రిటైరు ఉద్యోగులకు ఇది రాదు. నాలుగో తరగతి ఉద్యోగులుగా రిటైరైన వారికి మాత్రం మినహాయింపు ఉంది. అర్హత లేకుండా తీసుకున్నట్టు తేలితే వచ్చిన విడతలన్నీ తిరిగి కట్టమంటారు. ఈ పథకానికి ఖాతా నంబరు అడిగేది డబ్బు వేయడానికే. అందులో ఎంత నిల్వ ఉందో చూడటానికి కాదు.

నిల్వ మీదే హద్దు పెట్టిన దేశాలు వేరే ఉన్నాయి. బ్రిటన్‌లో యూనివర్సల్ క్రెడిట్ అనే సాయానికి పొదుపు 6,000 పౌండ్లు దాటితే కోత మొదలవుతుంది, 16,000 పౌండ్లు దాటితే మొత్తానికే రాదు. అక్కడున్న మనవాళ్లు చెప్పే మాట అక్కడి వరకే నిజం. దాన్ని ఇక్కడి పింఛనుకు ముడిపెట్టుకోకూడదు.

డబ్బు రూపం మారితే లెక్క మారుతుంది

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో ఒక రైతుకు 2 ఎకరాల 60 సెంట్ల మాగాణి ఉందనుకుందాం. పదేళ్లు కడుపు కట్టుకుని కూడబెట్టిన డబ్బు బ్యాంకులో ఉంది. అది అక్కడ ఉన్నన్నాళ్లూ కార్డుకు ఇబ్బంది లేదు. పక్క చేను అమ్మకానికొచ్చిందని 50 సెంట్లు కొన్నాడు. ఇప్పుడు పొలం పాసుపుస్తకంలో 3 ఎకరాల 10 సెంట్లు పడింది. హద్దు దాటింది. డబ్బు అదే, మనిషీ అదే. కాగితం ఒక్కటే మారింది.

అలాగే పాత కారు సంగతి. కిరాయికి తిప్పుదామని లక్షన్నర పెట్టి పాత కారు కొని, దాన్ని టాక్సీగా రిజిస్టరు చేయించకపోతే సొంత కారు కిందే లెక్క. అదే డబ్బుతో గేదెలు కొంటే ఏ అడ్డూ లేదు. పొలం కొనొద్దని, బండి కొనొద్దని చెప్పడం లేదు. కొనేముందు పోయేదెంత, వచ్చేదెంత అని ఒకసారి కూడికలు తీసివేతలు వేసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. అంటే ఏడాదికి 48,000. ఆ అర ఎకరమో, పావు ఎకరమో అంత ఆదాయం తెస్తుందా అన్నది ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించుకోవాల్సిన విషయం.

ఇంకో విచిత్రం ఉంది. కేంద్రం ఇచ్చే గ్రామీణ ఆవాస్ ఇంటికి పొదుపు అడ్డు రాదు గానీ అప్పు అడ్డు రావచ్చు! కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి 50,000 రూపాయలు, ఆపైన ఉంటే ఆ కుటుంబాన్ని జాబితా నుంచి తీసేయాలన్నది ఆ పథకం షరతుల్లో ఒకటి. 2024లో షరతులు కొన్ని సడలించి మోటారు సైకిలు, ఫ్రిజ్, ల్యాండు ఫోను ఉన్నా ఫరవాలేదన్నారు. నెల ఆదాయం హద్దును 10,000 నుంచి 15,000 చేశారు. కార్డు పరిమితి షరతు మాత్రం అలాగే ఉంచారు.

వడ్డీ ఆదాయమే, అసలు కాదు

పొదుపు మీద వచ్చే వడ్డీ మాత్రం ఆదాయం కిందికి వస్తుంది. కంగారు పడకుండా లెక్క చూడండి. 2 లక్షల డిపాజిట్టుకు ఏడాదికి 7 శాతం చొప్పున 14,000 రూపాయలు వడ్డీ వస్తుంది. నెలకు సుమారు 1,170 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో పల్లె హద్దు నెలకు 10,000. ఒక్క వడ్డీతోనే ఆ హద్దు చేరాలంటే 17 లక్షల పైచిలుకు డిపాజిట్టు కావాలి. చిన్న రైతుకు అంత నిల్వ ఎక్కడిది? అయితే వడ్డీ ఒక్కటే కాదు, ఇంట్లో అందరి సంపాదనా కలిపి చూస్తారన్నది మరచిపోవద్దు.

ఆదాయ పన్ను దగ్గర ఇరుక్కోవద్దు

వ్యవసాయ ఆదాయానికి ఆదాయ పన్ను లేదు. మిర్చి అమ్మిన 3 లక్షలు ఖాతాలో పడినంత మాత్రాన మీరు పన్ను కట్టేవాళ్లయిపోరు. కానీ అది పంట డబ్బేనని చూపించే తక్‌పట్టీలు, మార్కెట్ యార్డు రసీదులు జాగ్రత్తగా దాచుకోవాలి. ఒక ఆర్థిక సంవత్సరంలో పొదుపు ఖాతాలో 10 లక్షలు, ఆపైన నగదు కడితే బ్యాంకు ఆ సంగతి ఆదాయ పన్ను శాఖకు తెలియజేస్తుంది. పొలం అమ్మిన పైకమంతా ఒకేసారి నోట్ల కట్టలుగా వేసేవారు ఇది గుర్తుంచుకుని దస్తావేజు నకలు దగ్గర పెట్టుకోవాలి.

డిపాజిట్టు వడ్డీ ఒకే బ్యాంకులో ఏడాదికి 50,000 రూపాయలు దాటితే బ్యాంకువాళ్లు ముందే పన్ను కోస్తారు. 60 ఏళ్లు నిండినవారికి ఈ హద్దు లక్ష రూపాయలు. 2025 ఏప్రిల్ నుంచి ఈ హద్దులు అమల్లోకి వచ్చాయి. పన్ను పరిధిలో లేనివాళ్లు ఏటా బ్యాంకులో ఒక ప్రకటన ఫారం ఇస్తే కోత పడదు. ఇన్నాళ్లూ 15-జి, 15-హెచ్ అని పిలుస్తూ వచ్చినవి ఈ ఫారాలే. పాన్ నంబరు ఇవ్వకపోతే కోత 20 శాతం దాకా పడుతుంది. అప్పు కోసమని ఎవరో చెబితే ఆదాయం లేకపోయినా పన్ను రిటర్ను వేసేవాళ్లున్నారు. తర్వాత "మీరు పన్ను కడుతున్నారు" అని కార్డు దగ్గర అడ్డు తగలవచ్చు. అప్పుడు పన్ను సున్నా అని ఉన్న రసీదే మీకు ఆధారం.

ఛోటా ఖాతా ఉంటే

2014 ఆగస్టులో మొదలైన జన్‌ధన్ కింద కొందరికి సరైన కాగితాలు లేకుండానే చిన్న ఖాతాలు తెరిచారు. వీటిలో నిల్వ 50,000 రూపాయలు దాటకూడదు. ఏడాది మొత్తంలో జమలు లక్ష దాటకూడదు. నెలకు 10,000 మించి తీయకూడదు. ఇలాంటి ఖాతాలో పంట పైకం పడి హద్దు దాటితే, తర్వాత రావాల్సిన సాయం జమ కాకుండా ఆగిపోవచ్చు. దీన్నే చాలామంది "డబ్బు ఉందని ప్రభుత్వం ఆపేసింది" అనుకుంటారు. ఆపింది ఖాతా నిబంధన. ఆధార్, ఫోటో తీసుకెళ్లి కేవైసీ పూర్తి చేయిస్తే ఈ హద్దులు పోతాయి.

కొడుకు పేరుతో దాస్తే?

కార్డు పోతుందని డబ్బును కొడుకు పేరుకో, కోడలి పేరుకో మార్చడం వల్ల కలిసొచ్చేదేమీ లేదు. అడ్డే కాని నిల్వను తప్పించడానికి ఈ తిప్పలు దేనికి? పైగా లెక్క కుటుంబానిది. ఒకే కార్డులో ఉన్నవారి భూమి, కారు, ఉద్యోగం అన్నీ కలిపే చూస్తారు. రేపు ఆ డబ్బు అవసరానికి తిరిగి రాకపోతే పెద్దవాళ్లు పడే బాధ వేరు. మీ డబ్బు మీ పేరు మీదే ఉంచుకుని నామినీగా పిల్లల పేరు రాయించడం మేలు. బ్యాంకు దెబ్బతిన్నా ఒక్కొక్కరికి 5 లక్షల వరకు బీమా ఉంది. ఇంట్లోని డబ్బాకు, చేబదులుకు ఆ బీమా లేదు.

కోత పడితే ఏం చేయాలి?

పింఛను గానీ కార్డు గానీ ఆగితే ముందు కారణం రాతపూర్వకంగా అడగండి. "డబ్బు ఉందంట" అన్న నోటి మాటతో ఊరుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయంలో సంక్షేమ సహాయకుణ్ణి అడిగితే ఏ అంచెలో ఆగిందో చూసి చెబుతారు. తెలంగాణలో పింఛనుకు ఎంపీడీవో, కార్డుకు తహసీల్దారు కార్యాలయాల్లో అడగాలి. ఎవరిదో మీటరు, ఎవరిదో బండి, ఎవరిదో పొలం మీ ఆధార్‌కు తగులుకుని కోత పడిన సందర్భాలు ఉన్నాయి. అలాంటప్పుడు మీ కరెంటు బిల్లు, వన్ బీ లేదా పాసుపుస్తకం నకలు జతచేసి అర్జీ ఇవ్వాలి. అక్కడ పని కాకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే అర్జీల స్వీకరణకు వెళ్లి, రసీదు తప్పకుండా తీసుకోండి.

పంట డబ్బు చేతికొచ్చినప్పుడు ఎరువుల బాకీ, పిల్లల ఫీజులు పోగా మిగిలిన పదివేలైనా ధైర్యంగా బ్యాంకులో వేసుకోండి. వాన ముఖం చాటేసిన ఏడు ఆదుకునేది అదే.