సెప్టెంబర్ 17: జెండా వందనం అయిపోయాక

ప్రతి సంవత్సరం సెప్టెంబర్ 17న పొద్దున్నే జెండా వందనానికి వస్తాం. ‘మరాఠ్వాడా ముక్తి సంగ్రామ్ దిన్’ గురించి మరాఠీలో ఉపన్యాసాలు వింటాం, స్వీటు తీసుకుని క్లాసుకు పోతాం. పోయినసారి ఒక జూనియర్ నన్ను అడిగింది: “అక్కా, స్వాతంత్ర్యం ఆగస్టు 15న వచ్చింది కదా, మళ్ళీ ఇదేంటి?” నాకు సరిగ్గా చెప్పడం రాలేదు. ఆ జవాబు కోసం చదివిందే ఇప్పుడు రాస్తున్నాను.

పదమూడు నెలల ఆలస్యం

1947 ఆగస్టు 15 నాటికి నాందేడ్ భారతదేశంలో లేదు. నిజాం ఏలిన హైదరాబాద్ సంస్థానంలో ఉంది. ఆ సంస్థానంలో మొత్తం 16 జిల్లాలు. అందులో తెలుగువి 8, మరాఠీవి 5, కన్నడవి 3. రాజభాష మాత్రం ఉర్దూ. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. అంటే మన స్వాతంత్ర్యం పదమూడు నెలలు ఆలస్యంగా వచ్చింది.

నలుగురు కూడాలన్నా అనుమతే

ఆ కాలంలో ‘గస్తీ నిషాన్ 53’ అని ఒక సర్కారు ఉత్తర్వు ఉండేది. దాని ప్రకారం బహిరంగ సభ పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. అందుకే అప్పటి నాయకులు గ్రంథాలయాలు, భాషా సంఘాలు, సంస్కరణ సభల దారి పట్టారు.

మన డిపార్ట్‌మెంట్ వాళ్ళం తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. 1921 నవంబర్‌లో హైదరాబాదులో సంఘ సంస్కరణ సభ జరిగింది. మహిళా విశ్వవిద్యాలయం పెట్టిన మహర్షి కర్వే దానికి అధ్యక్షులు. ఆ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలోని వాళ్ళు గోల చేసి ఆపేశారు. గోల చేసింది మన మరాఠీ సోదరులే. ఆ అవమానంలో నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది, అదే 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ అయింది. మరాఠీ వాళ్ళు 1937లో పరతూర్‌లో మహారాష్ట్ర పరిషత్తు పెట్టుకున్నారు. 1938లో స్టేట్ కాంగ్రెస్ వచ్చేసరికి తెలుగు, మరాఠీ, కన్నడ వాళ్ళంతా ఒకే సత్యాగ్రహంలో జైలుకు పోయారు. మన యూనివర్సిటీకి పేరిచ్చిన స్వామి రామానంద తీర్థ ఆ పోరాటానికి పెద్ద దిక్కు. అంటే గొడవ పడ్డ వాళ్ళే పదిహేడేళ్ళకు కలిసి నిలబడ్డారు.

ప్రాణాలిచ్చినవాళ్ళు

మన జిల్లాలో బిలోలీ దగ్గర 1946లో గోవిందరావు పాన్సరేను చంపేశారు. అర్జాపూర్ కాలేజీ ఆయన పేరు మీదే ఉంది. అదే ఏడాది జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలయ్యాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దొరకు వదలనని నిలబడింది. మల్లు స్వరాజ్యం మన వయసుకే దళంలో తుపాకి పట్టింది. ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్ రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు 1948 ఆగస్టులో ఆయన చేయి నరికి, ప్రాణం తీశారు.

షోయబుల్లాఖాన్ పేరు గుర్తుంటే ఇది హిందూ ముస్లిం కొట్లాట అని ఎవరూ అనలేరు. ఇంకో నిజం కూడా చెప్పాలి. సైన్యం వచ్చాక రజాకార్లతో ఏ సంబంధం లేని ముస్లింలు కూడా చాలామంది చనిపోయారు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, ఎక్కువ దెబ్బతిన్న నాలుగు జిల్లాల్లో నాందేడ్ పేరు కూడా రాసింది. ఇది దాచిపెట్టి చేసుకుంటే పండుగ సగమే అవుతుంది. స్వేచ్ఛ అందరిదీ అని నమ్మినవాళ్ళే కదా అమరులైంది!

మనకు వచ్చిన ఆస్తి

1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. 19వ అధికరణం మాట్లాడే హక్కును, ఆయుధాలు లేకుండా శాంతిగా సమావేశమయ్యే హక్కును ఇచ్చింది. గస్తీ నిషాన్‌కు అదే జవాబు. 29వది ఎవరి భాషను వాళ్ళు కాపాడుకునే హక్కు. 30వది భాషా అల్పసంఖ్యాకులు సొంతంగా విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు.

ఇవి మనకు ఎందుకంటే, 1956లో గీతలు మారాయి. అప్పటిదాకా నాందేడ్ జిల్లాలో ఉన్న ముధోల్, భైంసా అటు పోయాయి. ఆదిలాబాద్‌లోని కిన్వట్ ఇటు వచ్చింది. గీత ఇటు పక్కన మిగిలిన తెలుగువాళ్ళం మనం. మహారాష్ట్రలో కూర్చుని తెలుగులో గోడపత్రిక రాస్తున్నాం, ఎవరి అనుమతీ అడగడం లేదు. ఇది ఊరికే వచ్చింది కాదు.

ఒక పని చేద్దాం

మా నాయనమ్మది భైంసా పక్కన పల్లె. “రజాకార్లొస్తున్నరంటే జొన్నచేన్ల పండుకుంటుంటిమి బిడ్డా” అనేది. ఎవరి చేను, ఎన్ని రాత్రులు, తిండి ఎవరు తెచ్చారు అని నేను ఎప్పుడూ అడగలేదు. నాయనమ్మ పోయింది, ఆ జవాబులు కూడా ఆమెతోనే పోయాయి.

మీ ఇంట్లో ఎనభై దాటినవాళ్ళు ఉంటే ఈ సెలవుల్లో పక్కన కూర్చోండి. తెలుగో, మరాఠీయో, దక్కనీ ఉర్దూయో, వాళ్ళు ఏ భాషలో చెబితే ఆ మాటల్లోనే రాసుకోండి. ఊరు పేరు, ఏం జరిగింది, ఎవరు కాపాడారు, ఇవి చాలు. ఒక్క పేజీ అయినా సరే. తెచ్చివ్వండి, వచ్చే సంచికలో ఈ గోడ మీదే పెడదాం.