గుర్తు వేయుటలోని ధర్మము

దేవునికి విడిచిన కోడెదూడకు ముద్రవేసి వదలుట మన పల్లెలలో పూర్వమునుండి వచ్చుచున్న ఆచారము. అచ్చోసిన ఆంబోతు అను పలుకుబడి అందుండియే పుట్టినది. ముద్రవేసి విడుచు ఈ పద్ధతినే జీవశాస్త్రజ్ఞులు వేరొక ప్రయోజనమునకై కప్పలయందును, బల్లులయందును, పాములయందును అవలంబించుచున్నారు. చెరువులోని కప్పలనన్నిటిని పట్టి యెంచుట యెవరికిని సాధ్యము కాదు. కావున 50 కప్పలకు గుర్తువేసి విడిచి, కొన్నినాళ్ళకు మరల 40 కప్పలను పట్టినపుడు అందు 10 గుర్తుగలవి కనబడినచో, పట్టుబడినవానిలో నాలుగవ వంతు గుర్తుగలవి గనుక, చెరువులోని కప్పలన్నిటిలోను నాలుగవ వంతే ఆ 50 అనియు, మొత్తము 200 అనియు నిర్ణయింతురు. డెన్మార్కు దేశీయుడగు పీటర్సన్ 1896లో చేపల విషయమునను, అమెరికాలో లింకన్ 1930లో బాతుల విషయమునను ప్రకటించిన యీ త్రైరాశికము నేటికిని వారి పేరనే చెల్లుచున్నది.

అయితే కప్పకు గుర్తు వేయుట యెట్లు? దాని చర్మము తడిది, తరచుగా కుబుసమువలె ఊడునది, రంగు నిలువదు. పక్షికాలికి తొడిగిన కడియమువంటిది దీని నునుపైన కాలికి ఇముడదు. అందుచే చిరకాలముగా కత్తెరయే సాధనమైనది. కప్పకు ముందుకాళ్ళయందు నాలుగేసియు, వెనుకకాళ్ళయందు ఐదేసియు, మొత్తము 18 వ్రేళ్ళు గలవు. ఒక్కొక్క కప్పకు వేర్వేరు వ్రేళ్ళ కొనలు కత్తిరింతురు గనుక, ఏయే వ్రేళ్ళ కొనలు తెగినవో చూచి ఆ కప్ప సంఖ్యను చదువవచ్చును. ఖర్చు స్వల్పము. తెగిన వ్రేలియెముకలోని వలయములు వయస్సును దెలుపును, అందలి కణములు వంశలక్షణములను దెలుపును. ఈ లాభములను తక్కువచేసి చెప్పుట న్యాయము కాదు.

కాని ఆ వ్రేలు కప్పకేమి పనికివచ్చునో మొదట విచారింపవలెను. చెట్టుకప్ప కొమ్మను పట్టుకొనునది వ్రేలికొననున్న బిళ్ళతోనే. పలుజాతుల మగకప్ప సంగమకాలమున ఆడకప్పను జారకుండ పట్టి నిలుచునది బొటనవ్రేలి గరుకుమెత్త సాయముననే. కప్పలవలె ఉభయచరమే యగు సాలమాండరుకు కోసిన వ్రేలు మరల మొలచును. అపుడు గుర్తు చెరిగిపోయి బాధయొకటే వ్యర్థముగా మిగులును.

క్లార్క్ అను పరిశోధకుడు 1972లోనే ఫౌలర్ గోదురుకప్పలయందు వ్రేళ్ళు ఎక్కువగా తెగినకొలది మరల పట్టుబడునవి తగ్గుటను గమనించెను. ఆస్ట్రేలియాలో మెకార్తి, పారిస్ అనువారు పూర్వపరిశోధనల అంకెలను మరల గణించి, మొదటి వ్రేలి తరువాత తెగిన ప్రతి వ్రేలికిని తిరిగి కనబడు కప్పలు నూటికి 4 మొదలు 11 వంతులవరకు తగ్గుచున్నవని 2004లో ప్రకటించిరి. ఆ యేడే రాబర్ట్ మే అను శాస్త్రజ్ఞుడు 'నేచర్' పత్రికలో ఈ పద్ధతి ధర్మమా యని ప్రశ్నించెను. ఉభయచరములు వేగముగా నశించుచున్న కాలమున వానిని గూర్చిన జ్ఞానము అత్యవసరమని కొందరు శాస్త్రజ్ఞులు 2005లో అదే పత్రికయందు బదులు వ్రాసిరి.

నాకు మాత్రము ఇది దయకును శాస్త్రమునకును నడుమ వివాదముగా తోచదు. వ్రేళ్ళు తెగిన కప్పలు కొన్ని మరణించి, రెండవమారు పట్టిన 40లో 10కి బదులు 8 మాత్రమే గుర్తుగలవి చిక్కినవనుకొందము: 50ని 40చే గుణించి 8చే భాగించిన 250 వచ్చును. చెరువులో కప్పలు తగ్గినవి, కాగితముపై పెరిగినవి! నశించుచున్న జాతి సమృద్ధిగా నున్నదని చెప్పు లెక్క ఆ జాతికి ఎంత ద్రోహము చేయునో వేరుగ చెప్పనక్కరలేదు. గుర్తు ప్రాణిని బాధింపరాదనుట ఈ గణితమునకే పునాది.

ఇతరోపాయములును నిర్దోషములు కావు. సంఖ్యను దెలుపుటకై చర్మము క్రింద చొప్పించు గాజుగొట్టము ఇంచుమించు వడ్లగింజంత యుండును, చిన్నకప్పకు భారము. చర్మము క్రిందనే ఎక్కించు రంగుద్రవ్యము ఒక్కొక్కపుడు పెట్టినచోటినుండి జరుగును. ఐరోపాలోని తురాయి న్యూటు అను ఉభయచరమునకు మాత్రము ఉదరముపై నల్లమచ్చలు ఒకదానికున్నట్లు మరియొకదానికుండవు గనుక ఛాయాచిత్రమే చాలును.

ఈ శాస్త్రమున ప్రవేశింపగోరు విద్యార్థులకు నా విన్నప మొక్కటి: ప్రాణి మేనిపై ప్రకృతియే గుర్తు వేసియున్నచో కత్తెర ముట్టకుడు, తప్పక ముట్టినచో ఎన్ని కప్పలకు ఎన్ని వ్రేళ్ళు కోసితిరో, అందెన్ని తిరిగి కనబడలేదో మీ వ్యాసమున పట్టికగా ముద్రింపుడు.