టీవీ తెరలో కిటికీ ఎందుకు కనిపిస్తుంది? ఎలా పోతుంది?

ప్రశ్న: మాది మండపేట. హాల్లో కొత్తగా పెద్ద టీవీ పెట్టించాం. మధ్యాహ్నం మూడు దాటిందంటే తెరలో సినిమా కన్నా ఎదురుగా ఉన్న కిటికీయే బాగా కనిపిస్తోంది. కర్టెన్ వేస్తే ఉక్కపోత. బ్రైట్‌నెస్ పెంచినా లాభం లేదు. ఎందుకిలా? ఏం చేయాలి?

ఉక్కపోత అన్నారు చూడండి, అసలు చిక్కు అక్కడే ఉంది. గోదావరి డెల్టాలో కిటికీ వెలుగు కోసమే కాదు, గాలి కోసం కూడా. చుట్టూ కాలువలు, వరిచేలు, గాలిలో ఎప్పుడూ తేమ. అలాంటి ఊళ్లో ‘తలుపులు మూసి టీవీ చూడండి’ అని చెప్పడం సలహా కాదు, శిక్ష. గాలి ఆగకుండా, ఇల్లు చీకటి కాకుండా తెర కనిపించే దారి ఉంది. మీ తెర మీద పడేది ఏ వెలుగో ముందు కనిపెట్టాలి. అది తెలిస్తే పనిలో చాలా భాగం పైసా ఖర్చు లేకుండానే అవుతుంది.

తెర అద్దంలా ఎందుకు మారుతుంది?

పూత లేని నున్నని గాజు తన మీద నేరుగా పడిన వెలుగులో నూటికి సుమారు 4 పాళ్లు వెనక్కి తిప్పి కొడుతుంది. నాలుగేగా అనిపిస్తుంది. కానీ బయటి ఎండకూ టీవీ వెలుగుకూ పొంతనే లేదు. మామూలు టీవీలో తెల్లని బొమ్మ వెలుగు కొన్ని వందల నిట్లు (నిట్ అంటే తెర వెలుగును కొలిచే ప్రమాణం). నేరుగా ఎండ పడుతున్న సున్నపు గోడ వెలుగు 20 వేల నిట్ల దాకా ఉంటుంది. కిటికీలోంచి అలాంటి గోడ తెరకు ఎదురుపడితే, అందులో నూటికి 4 పాళ్లంటే 800 నిట్లు. అంటే టీవీ బొమ్మ కన్నా ఎదురింటి గోడ నీడే బలంగా ఉంటుంది. పట్టపగలు బొమ్మను ఓడిస్తున్నది మీ టీవీ నాణ్యత కాదు, ఈ లెక్క.

బ్రైట్‌నెస్ పెంచితే చాలదా?

చాలదు. బొమ్మ స్పష్టంగా కనపడాలంటే తెలుపు ఎంత తెల్లగా ఉందన్నదే కాదు, నలుపు ఎంత నల్లగా ఉందన్నదీ ముఖ్యం. ఒక టీవీలో తెలుపు 300 నిట్లు, నలుపు 0.1 నిట్ అనుకుందాం. తేడా 3,000 రెట్లు. గది వెలుగు తెర మీద పడి ఒక్క 5 నిట్లు తిరిగొచ్చిందంటే తెలుపు 305, నలుపు 5.1 అవుతాయి. తేడా 60 రెట్లకు పడిపోతుంది. బ్రైట్‌నెస్ పెంచి తెలుపును 600 చేసినా ఆ తేడా 120 రెట్లు దాటదు. అందుకే పగటిపూట సినిమాలో రాత్రి దృశ్యం వస్తే అంతా బూడిద రంగుగా కనిపిస్తుంది. బ్రైట్‌నెస్ తెలుపును పెంచగలదు గానీ, పైన పడిన వెలుగును తుడవలేదు. దాన్ని తెర దాకా రానివ్వకూడదు.

ఏ వెలుగు పడుతోందో ఎలా తెలుస్తుంది?

టీవీ ఆపేసి, రోజూ మీరు కూర్చునే చోటే కూర్చోండి. నల్లటి తెరలోకి చూడండి. అందులో తెల్లగా మెరిసేవన్నీ మీ శత్రువులే: కిటికీ, వీధి తలుపు, వెంటిలేటర్, ట్యూబ్‌లైట్, ఎదురు గోడ మీద గాజు కట్టిన ఫొటోలు. ఉదయం, సాయంత్రం, రాత్రి దీపాలు వేశాక, ఇలా మూడు వేళల్లోనూ చూడండి. ఇంట్లో పెద్దవాళ్లు మంచం మీంచి చూస్తారనుకుంటే అక్కడ కూర్చుని కూడా చూడాలి. చోటు మారితే తెరలో కనిపించేదీ మారుతుంది.

కాలం మారినా మారుతుంది. ‘ఉత్తరం కిటికీలోంచి ఎండ రాదు’ అనుకుంటాం. మండపేట దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు కూడా మనకు ఉత్తరం వైపే ఉంటాడు. జూన్‌లో అస్తమయం పడమరకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా జరుగుతుంది. డిసెంబరులో అంతే దక్షిణానికి జరుగుతుంది. సంక్రాంతికి బాగున్న టీవీ వేసవి సెలవుల్లో మెరవడానికి కారణం ఇదే.

టీవీ ఏ గోడకు పెట్టాలి?

కిటికీ టీవీకి ఎదురుగా ఉంటే తెరలో పడుతుంది. టీవీ వెనకే ఉంటే మన కళ్లలో పడుతుంది. కన్ను ఆ వెలుగుకు సర్దుకుని తెరను మసకగా చూస్తుంది. కిటికీ పక్క గోడకు ఉండాలి. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు.

పాత మండువా లోగిళ్లకూ ఇదే వర్తిస్తుంది. అక్కడ చుట్టూ వసారా వాలుగా కిందికి దిగి బయటి ఎండను ఆపుతుంది, వెలుగంతా నడిమి మండువాలోంచి వస్తుంది. మండువాకు ఎదురుగా టీవీ పెడితే తెరలో ఆకాశం కనిపిస్తుంది. మండువాకు అడ్డంగా ఉన్న గోడకు పెడితే హాయి.

వాస్తు ప్రకారం కరెంటు వస్తువులు ఆగ్నేయంలో పెట్టేవాళ్లు చాలామంది. దానికీ ఇబ్బంది లేదు. ఆగ్నేయ మూలకు రెండు గోడలున్నాయి. కిటికీ పడమట ఉంటే టీవీని దక్షిణ గోడకు, ఉత్తరాన ఉంటే తూర్పు గోడకు బిగించండి. మూల మారదు, మెరుపు పోతుంది.

టీవీ కదపడం కుదరకపోతే?

వంచండి. తెర ఎంత కోణం తిరిగితే అందులో కనిపించే నీడ దానికి రెట్టింపు కోణం తిరుగుతుంది. వంగే బ్రాకెట్ మీద తెరను 5 డిగ్రీలు కిందికి వంచితే నీడ 10 డిగ్రీలు జరుగుతుంది. 12 అడుగుల దూరంలో ఉన్న గోడ మీద అది 2 అడుగుల పైమాటే. ఎత్తున ఉన్న ట్యూబ్‌లైట్, వెంటిలేటర్ తెరలోంచి తప్పుకోవడానికి తరచు అది చాలు.

ఎత్తు కూడా చూసుకోండి. పిల్లలకు అందకూడదని టీవీని బాగా పైకి బిగిస్తాం. అప్పుడు మన చూపు కిందినుంచి పైకి వెళ్లి, తెరకు తగిలి, ఇంకా పైకి పోతుంది. అక్కడుండేవి దీపాలే. తెర మధ్యభాగం కూర్చున్న మనిషి కంటి ఎత్తుకు దగ్గరగా ఉంటే, నీడలో పడేది ఎదురు గోడ. ఆ గోడకు మెరిసే ఎనామిల్ కాకుండా మెరుపు లేని ముదురు రంగు వేస్తే ఇంకా మంచిది. రాత్రి ఎదురు గోడ ట్యూబ్‌లైట్ ఆపి, టీవీ వెనక గోడ మీద పడేలా ఒక చిన్న తెల్లని దీపం పెట్టుకోండి. తెర మీద నీడ పడదు, కళ్లూ అలసిపోవు. నున్నని టైల్స్ నేల కూడా కిటికీ వెలుగును తెర మీదికి ఎగరేస్తుంది. అక్కడ ఒక చాప పరిస్తే ఆగుతుంది.

గాలి ఆపకుండా ఎండను ఆపడం ఎలా?

ఎండను కిటికీ లోపల కాదు, బయట ఆపాలి. లోపలి కర్టెన్ దాకా వచ్చిన ఎండ వేడిని ఇంట్లోకి తెచ్చేసినట్టే. మధ్యాహ్నపు నిట్టనిలువు ఎండను సన్‌షేడ్ ఆపుతుంది. సాయంత్రం వాలి వచ్చే ఎండను అది ఆపలేదు. దానికి నిలువుగా వేలాడే వెదురు తడక కావాలి. లేదంటే కడియం నర్సరీల్లో మొక్కల మీద కట్టే ఆకుపచ్చ షేడ్ నెట్ కిటికీ బయట అడుగు దూరంలో కట్టండి. గాలి ఆడుతుంది, ఎండ విరుగుతుంది.

మెరుపు లేని తెరలు కొనడం మంచిదేనా?

వాటిలో రెండు రకాలున్నాయి. మొదటిది గరుకు తెర. కదలని కాలువ నీళ్లలో కొబ్బరిచెట్టు చెట్టులాగే కనిపిస్తుంది. గాలికి అలలు లేస్తే ఆకారం చెదిరి మెరుపే మిగులుతుంది. గరుకు తెర చేసేదీ ఇదే. కిటికీ ఆకారం పోతుంది, కానీ వెలుగు తెరంతా పరుచుకుని నలుపు పలచబడుతుంది. రెండోది పలుచని పూత. పూత పై నుంచీ అడుగు నుంచీ తిరిగొచ్చే వెలుగు అలలు ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా దాని మందాన్ని వెలుగు తరంగంలో నాలుగో వంతు ఉంచుతారు. జర్మనీలో జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా 1935లో కటకాలకు ఇలాంటి పూత కనిపెట్టాడు. అమెరికాలో కాథరిన్ బ్లాజెట్ 1938లో మెరుపు లేని గాజు చేసి చూపించింది. ఈ పూత నిజంగా పనిచేస్తుంది, ధరా ఎక్కువే. కొనేముందు దుకాణంలో టీవీని ఆపించి, ఆ తెరలో షాపు దీపాలు ఎలా కనిపిస్తున్నాయో చూడండి. ఇంట్లో ఆ తెరను ఘాటైన ద్రవాలతో తుడిస్తే పూత పోతుంది. మెత్తని మైక్రోఫైబర్ గుడ్డ చాలు. పైన విడిగా అంటించే ఫిల్ములు బుడగలు కడతాయి, బొమ్మ పదును తగ్గిస్తాయి. అది ఆఖరి దారిగానే ఉంచుకోండి.

ఇక కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్లకు ఒక విన్నపం. టీవీ గోడను ఎలక్ట్రీషియన్ గాడి కొట్టి పైపులు వేసేలోపే నిర్ణయించుకోండి. కిటికీలు పెట్టాక సాయంత్రం నాలుగింటికి ఆ గదిలో నిలబడి, వెలుగు ఎటునుంచి వస్తోందో చూసి, దానికి అడ్డంగా ఉన్న గోడ మీద ప్లగ్ పాయింట్ గీయించండి. ఆ సుద్దగీత ఒక్కటీ సరైన గోడ మీద పడితే, తర్వాత కర్టెన్లకూ ఫిల్ములకూ పెట్టాల్సిన ఖర్చు చాలావరకు తప్పుతుంది.