పురుడు పోయడం వచ్చా?

విదేశాల్లో మిషనరీ సేవకు వెళ్లాలనుకునే నర్సును నేనైతే ముందు అడిగేది ఈ మాటే. డాక్టరు ఒక రోజు ప్రయాణమంత దూరంలో ఉండే ఊళ్లో నొప్పులు పడుతున్న తల్లి ఆయన కోసం ఆగలేదు.

వెల్లూరు మిషను ఆసుపత్రి కథ మొదలైందే కాన్పుతో. 1890లలో తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు భర్తలు ఐడా స్కడ్డర్ అనే మిషనరీల అమ్మాయి తలుపు తట్టారు. తమ భార్యల కాన్పు కష్టమైంది, వచ్చి చూడమన్నారు. ఆమెకు వైద్యం రాదు. డాక్టరైన నాన్నను పంపుతానంటే, పరాయి మగవాడు చూడకూడదని వెళ్లిపోయారు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ లేరు. ఐడా అమెరికా వెళ్లి 1899లో కార్నెల్‌లో డాక్టరు పట్టా అందుకుని తిరిగొచ్చి, వెల్లూరులో ఆ ఆసుపత్రిని మొదలుపెట్టింది. డాక్టరు ఒక్కరే ఉంటే చాలదని, 1909లో అక్కడే నర్సుల శిక్షణ కూడా మొదలైంది.

పట్టా ఉన్నా పని దొరకని రోజులున్నాయి. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రికి పేరిచ్చిన అన్నా కుగ్లర్ 1883లో వచ్చేనాటికే డాక్టరు. అయినా లూథరన్ మిషను ఆమెను మొదట గోషా స్త్రీలకు బోధించే పనిలో పెట్టింది. మెడికల్ మిషనరీగా నియమించింది 1885లో. ఆసుపత్రి 1898లో తెరుచుకుంది.

ఇంకో వింత: కాథలిక్ సన్యాసినులు పురుడు పోయడానికి చాలాకాలం చర్చి అనుమతి లేదు. రావల్పిండిలో పనిచేసిన ఆస్ట్రియా వైద్యురాలు అన్నా డెంగెల్ 1925లో మెడికల్ మిషన్ సిస్టర్స్ సంస్థను స్థాపించి, ఈ అడ్డు తొలగాలని పట్టుబట్టారు. 1936లో వాటికన్ ఒప్పుకుంది.

ఇక చదువు సంగతి. బ్రిటన్‌లో నర్సు వేరు, మిడ్‌వైఫ్ వేరు. రెండూ కావాలంటే రెండింటికీ చదవాలి. పైగా పెద్దలు, పిల్లలు, మానసిక ఆరోగ్యం, అభ్యసన వైకల్యం అనే నాలుగు శాఖల్లో ఏదో ఒకటి నర్సింగ్‌లో చేరేటప్పుడే ఎంచుకోవాలి. మన దగ్గర జీఎన్ఎం చదివినా బీఎస్సీ నర్సింగ్ చదివినా మిడ్‌వైఫరీ అందులోనే ఉంటుంది. నర్సింగ్ కౌన్సిల్‌లో నర్సుగా, మిడ్‌వైఫ్‌గా రెండు విధాలా నమోదవుతారు. గుంటూరులోనో వరంగల్‌లోనో చదివిన అమ్మాయికి ఇది పెద్ద బలం, చాలామందికి ఆ సంగతి తెలియదు. ఏఎన్ఎం మాత్రం రిజిస్టర్డ్ నర్సు అర్హత కాదు.

ఆ తర్వాత ఇంకా నేర్చుకోవాలంటే లండన్ ట్రాపికల్ మెడిసిన్ స్కూలులో నర్సుల కోసం ట్రాపికల్ నర్సింగ్ డిప్లొమా ఉంది. రక్తపు చుక్కలో మలేరియా క్రిమిని మైక్రోస్కోపు కింద పట్టుకోవడం అందులో నేర్పుతారు. ల్యాబు లేని ఊళ్లో నర్సే ల్యాబు కదా!

మెర్సీ షిప్స్ అనే సంస్థ వారి ఆసుపత్రి ఓడల లెక్క వేరు. ఆఫ్రికా రేవుల్లో ఆగి ఉచితంగా ఆపరేషన్లు చేస్తారు కాబట్టి ఆపరేషన్ థియేటర్, వార్డు అనుభవమున్న నర్సులే వాళ్లకు ఎక్కువగా కావాలి. జీతం ఉండదు, ప్రయాణ ఖర్చులూ ఎవరివి వారివే.

మదర్ థెరిసా కూడా 1948లో కలకత్తా వీధుల్లోకి దిగేముందు పట్నా వెళ్లి, డెంగెల్ సిస్టర్ల ఆసుపత్రిలో కొన్ని నెలలు నర్సింగ్ పని నేర్చుకున్నారు. అన్నం, ఉప్పుతో సరిపెట్టుకుంటానన్న ఆమెను వాళ్లు వారించారు. జబ్బు మనుషుల మధ్య పనిచేసేవాళ్లు కడుపునిండా మంచి తిండి తినాలని నచ్చజెప్పి పంపారు.